కేబుల్ టీవీ సేవలపై స్థానిక పర్యవేక్షణ – వినియోగదారుల ఫిర్యాదులు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కేబుల్ టీవీ సేవల మీద కేంద్ర ప్రభుత్వానికి, జిల్లా యంత్రాంగానికి, స్థానిక సంస్థలకు ఎంతెంత అధికారం ఉందో వివరించగలుగుతారు. ఒక ఫిర్యాదు ఎవరి పరిధిలోకి వస్తుందో గుర్తించగలుగుతారు. మీ ఇంటి కనెక్షన్ విషయంలో సరైన చోట, సరైన ఆధారాలతో ఫిర్యాదు చేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీ వీధిలోని విద్యుత్ స్తంభాన్ని ఒకసారి తలెత్తి చూడండి. కరెంటు తీగల కింద నల్లటి కేబుళ్లు చుట్టలు చుట్టలుగా వేలాడుతూ ఉంటాయి. స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. దాన్ని పాతిన వీధి పురపాలక సంఘానిదో గ్రామ పంచాయతీదో. మీ ఇంట్లోకి వచ్చే కేబులు స్థానిక కేబుల్ ఆపరేటరుది. అందులో ప్రవహించే సిగ్నల్ మాత్రం అతనిది కాదు. కంట్రోల్ రూమ్ నడుపుతూ వందల చానళ్లను ఒకచోట చేర్చి ఆపరేటర్లకు అందించే ఎమ్మెస్వో సంస్థది. చానల్ ఇంకొకరిది. వీటన్నిటినీ శాసించే చట్టం పార్లమెంటుది.

టీవీలో బొమ్మ ఆగిపోతే ఈ ఆరుగురిలో ఎవరిని అడగాలి? చాలామంది నెలనెలా డబ్బులు తీసుకువెళ్లే కేబుల్ మనిషిని అడుగుతారు. అతను "పైనుంచే సిగ్నల్ లేదు" అంటాడు. ఎమ్మెస్వోకు ఫోన్ చేస్తే "మీ ఆపరేటరును అడగండి" అంటారు. విసిగిపోయిన వాళ్లు కొందరు పురపాలక కార్యాలయానికి, మరికొందరు సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇస్తారు. ఆ అర్జీ ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి బదిలీ అవుతుంది గాని బొమ్మ మాత్రం రాదు. దీన్ని అధికారుల నిర్లక్ష్యం అని సరిపెట్టుకోవడం తేలిక. కాని అసలు కారణం చాలా సందర్భాలలో వేరు: ఆ అర్జీ మీద చర్య తీసుకునే అధికారాన్ని చట్టం ఆ కార్యాలయానికి ఇవ్వలేదు. ఈ పాఠంలో మనం ప్రధానంగా గమనించవలసింది ఇదే.

2. రాజ్యాంగంలో కేబుల్ స్థానం

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 31వ అంశం తంతి, తపాలా, టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు, అటువంటి ఇతర సమాచార సాధనాలకు సంబంధించినది. కేబుల్ టీవీ ఈ అంశం కిందికి వస్తుంది. కాబట్టి దీని మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుదే.

73, 74వ రాజ్యాంగ సవరణల గురించి మీరు చదివే ఉంటారు. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలు, పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలను 12వ షెడ్యూలు పేర్కొంటాయి. వీధి దీపాలు ఉన్నాయి, మంచినీరు ఉంది, కబేళాలు ఉన్నాయి. కేబుల్ టీవీ ఏ జాబితాలోనూ లేదు. ప్రతి ఇంటికీ తీగ వేసి అందించే సేవ, వీధిలో ఉండే మనిషే నడిపే సేవ, పన్నెండు అడుగుల సందులో కూడా కనిపించే సేవ స్థానిక స్వపరిపాలన పరిధిలో లేకపోవడం మీకు వింతగా అనిపించవచ్చు.

స్థానిక సంస్థలకు ఈ రంగంతో ఒక చిన్న ఆర్థిక సంబంధం ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి రాకముందు కేబుల్ కనెక్షన్ల మీద రాష్ట్రాలు వినోదపు పన్ను విధించేవి. 101వ రాజ్యాంగ సవరణ తరువాత వినోదాల మీద పన్ను వేసే అధికారం పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసుకునే మేరకు మాత్రమే మిగిలింది. ఇప్పుడు మీ కేబుల్ బిల్లులో కనిపించేది 18 శాతం జీఎస్టీ. అయితే పన్ను వేయగలగడం వేరు, సేవను నియంత్రించగలగడం వేరు. ఈ రెండింటినీ కలిపి చూడకూడదు.

3. మరో నమూనా: అమెరికా నగరాలు

స్థానిక ప్రభుత్వం కేబుల్ సేవను పర్యవేక్షించడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో దశాబ్దాలుగా అది జరుగుతోంది. అక్కడ కేబుల్ సంస్థ ఒక పట్టణంలో తీగ వేయాలంటే ఆ పట్టణ వీధులను వాడుకోవాలి కనుక పట్టణ ప్రభుత్వంతో ఫ్రాంచైజ్ ఒప్పందం చేసుకోవాలి. 1984లో అమెరికా కాంగ్రెస్ చేసిన కేబుల్ చట్టం ఈ పద్ధతిని గుర్తించి హద్దులు ఏర్పరచింది. ఫ్రాంచైజ్ రుసుము సంస్థకు కేబుల్ సేవ ద్వారా వచ్చే స్థూల ఆదాయంలో 5 శాతం మించకూడదు. ఆ ఒప్పందంలో పట్టణ ప్రభుత్వం కొన్ని చానళ్లను పౌరుల కార్యక్రమాలకు, విద్యకు, ప్రభుత్వ సమాచారానికి కేటాయించమని అడగవచ్చు. నగర మండలి సమావేశాలు చాలా చోట్ల ఇలాంటి చానళ్లలోనే ప్రసారమవుతాయి.

1992లో మరో చట్టం వచ్చింది. దాని ప్రకారం సమాఖ్య ప్రసార సంస్థ 1993లో వినియోగదారుల సేవా ప్రమాణాలు నిర్ణయించింది. పనివేళల్లో వచ్చిన ఫోన్‌ను 30 సెకన్లలోపు ఎత్తాలి. సాధారణ పరిస్థితులలో 90 శాతం సందర్భాలలో ఇది పాటించాలి. కొత్త కనెక్షన్ 7 పనిదినాలలో ఇవ్వాలి. సేవ ఆగిపోయిందని తెలిసిన 24 గంటలలోపు మరమ్మతు మొదలుపెట్టాలి. ప్రమాణాలు కేంద్రంలో నిర్ణయమైనా, వాటిని అమలు చేయించే అధికారం స్థానిక ప్రభుత్వానికి ఇచ్చారు. సంస్థ మాట తప్పితే ఒప్పందం ప్రకారం జరిమానా వేయవచ్చు. ఒప్పందం పొడిగింపు సమయంలో పాత ఫిర్యాదులన్నీ బల్లమీద పెట్టవచ్చు.

ఈ నమూనాను మరీ గొప్పగా ఊహించుకోవద్దు. 2005లో టెక్సాస్, 2006లో కాలిఫోర్నియా ఫ్రాంచైజ్ ఇచ్చే అధికారాన్ని పట్టణాల నుంచి రాష్ట్ర స్థాయికి మార్చాయి. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. ఉపగ్రహ, ఇంటర్నెట్ పోటీ పెరగడంతో ధరల మీద స్థానిక నియంత్రణ దాదాపు పోయింది. అయినా ఒక విషయం గమనించండి. అక్కడ వీధిని వాడుకోనివ్వడమే పట్టణానికి పట్టు దొరికే చోటు. మన దగ్గర వీధి పట్టణానిదే, కాని ఆ అనుమతికీ సేవా నాణ్యతకూ చట్టం ముడి వేయలేదు.

4. 1995 చట్టం – కలెక్టరు అధికారాలు

1980లలో వీసీఆర్ పెట్టి అపార్టుమెంటులోని నాలుగు ఇళ్లకు తీగ లాగడంతో మొదలైన కేబుల్ వ్యాపారం, 1990ల ఆరంభంలో ఉపగ్రహ చానళ్ల రాకతో వాడవాడకూ పాకింది. అప్పటికి దాన్ని నియంత్రించే ప్రత్యేక చట్టం లేదు. 1994 సెప్టెంబరులో ఆర్డినెన్సు, దాని స్థానంలో 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల నియంత్రణ చట్టం వచ్చాయి.

రిజిస్ట్రేషన్ లేకుండా కేబుల్ నెట్‌వర్క్ నడపరాదని ఈ చట్టం 3వ సెక్షను చెబుతుంది. ఆ రిజిస్ట్రేషన్ ఎవరు చేసేవారో ఊహించగలరా? హెడ్ పోస్టాఫీసులో! దేశమంతటా శాఖలున్న కేంద్ర ప్రభుత్వ కార్యాలయం అదే కనుక ఆ బాధ్యత తపాలా శాఖ మీద పడింది. పోస్టుమాస్టరు దరఖాస్తు తీసుకుని ధ్రువపత్రం ఇచ్చేవారు. ఆపరేటరు సేవ ఎలా ఉందో చూడడం ఆయన పని కాదు. ఏటేటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. 2025 జనవరి 17 నుంచి ఈ పద్ధతి మారింది. ఇప్పుడు స్థానిక ఆపరేటర్లు కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లోనే నమోదు కావాలి. రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, రుసుము 5,000 రూపాయలు. అంటే స్థానికంగా మిగిలి ఉన్న ఆ ఒక్క పని కూడా ఢిల్లీకి వెళ్లింది. పని సులువైంది, నిజమే. పర్యవేక్షణ మాత్రం ఇంకాస్త దూరమైందని ఈ పాఠ రచయిత అభిప్రాయం.

ఈ చట్టంలో స్థానిక స్థాయి అధికారం 'అధీకృత అధికారి'కి ఉంది. జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, పోలీసు కమిషనరు తమ తమ పరిధిలో అధీకృత అధికారులు. వీరు కాక ప్రభుత్వం ఇతర అధికారులను కూడా నోటిఫై చేయవచ్చు. గమనించండి: వీరంతా శాంతిభద్రతల యంత్రాంగానికి చెందినవారు. మునిసిపల్ కమిషనరు ఈ నిర్వచనంలో లేరు. దీన్నిబట్టే చట్టం దృష్టి ఎటు ఉందో అర్థమవుతుంది.

అధీకృత అధికారి ఏం చేయగలరు? రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం, కార్యక్రమాల నియమావళిని లేదా ప్రకటనల నియమావళిని ఉల్లంఘించడం వంటివి జరుగుతున్నాయని నమ్మడానికి కారణం ఉంటే 11వ సెక్షను కింద పరికరాలు స్వాధీనం చేసుకోవచ్చు. మతం, కులం, భాష వంటి ప్రాతిపదికల మీద వైషమ్యాలు రెచ్చగొట్టే కార్యక్రమాన్ని ప్రజాహితం దృష్ట్యా 19వ సెక్షను కింద నిలిపివేయవచ్చు. దీనికి తోడు, స్థానిక చానళ్లలో వచ్చే కార్యక్రమాలను గమనించడానికి జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు ఏర్పాటు చేయాలని కేంద్రం 2005లో ఆదేశించి, 2008లో మార్గదర్శకాలు ఇచ్చింది. కలెక్టరు అధ్యక్షులు. ఎస్పీ, మహిళా కళాశాల ప్రిన్సిపాల్, స్త్రీ శిశు సంక్షేమానికి పనిచేసే స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు సభ్యులు. జిల్లా పౌర సంబంధాల అధికారి సభ్య కార్యదర్శి.

కమిటీ కూర్పు చూడండి. ఇది బొమ్మలో ఏముందో చూసే కమిటీ. బొమ్మ వస్తోందా లేదా, బిల్లు సరిగా ఉందా అన్నది దీని పని కాదు. కాబట్టి మీ ఊరి స్థానిక చానల్‌లో పిల్లలు చూడకూడని ప్రకటన వస్తే కలెక్టరుకు రాయండి. అది సరైన చోటు. మీ ఆపరేటరు రిజిస్ట్రేషనే లేకుండా నడుపుతున్నాడని అనుమానం ఉంటే అదీ కలెక్టరు పరిధే. మూడు రోజులుగా సిగ్నల్ లేదని మాత్రం కలెక్టరుకు రాసి లాభం లేదు.

పెద్ద ఉపగ్రహ చానళ్ల కార్యక్రమాల మీద అభ్యంతరాలకు 2021లో వేరే మూడంచెల విధానం వచ్చింది. ముందు చానల్‌కే ఫిర్యాదు చేయాలి. 15 రోజులలో అది నిర్ణయం చెప్పాలి. తృప్తి చెందకపోతే స్వీయ నియంత్రణ సంస్థకు, అక్కడి నుంచి కేంద్ర ప్రభుత్వ అంతర శాఖల కమిటీకి వెళ్లవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

(అ) అధీకృత అధికారులు ఎవరు? వారి జాబితాలో మునిసిపల్ కమిషనరు లేకపోవడం నుంచి మీరు ఏమి గ్రహించారు?
(ఆ) అమెరికా పట్టణ ప్రభుత్వానికి కేబుల్ సంస్థ మీద పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

5. సేవా నాణ్యత – ట్రాయ్ నిబంధనలు

సేవ, ధర, బిల్లు, ఫిర్యాదు – ఈ నాలుగూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిధిలోనివి. 1997లో టెలిఫోన్ల కోసం ఏర్పడిన ఈ సంస్థ కిందికి 2004 జనవరిలో ప్రసార, కేబుల్ సేవలను కూడా తెచ్చారు. 2011 చట్ట సవరణతో కేబుల్ డిజిటల్ బాట పట్టింది. రెండవ దశలో, 2013 మార్చి 31 గడువుగా, హైదరాబాద్, విశాఖపట్నం సెట్‌టాప్ బాక్సులకు మారాయి. చిన్న పట్టణాలు, గ్రామాలు ఆ తరువాతి దశలలో మారాయి. సెట్‌టాప్ బాక్సు రావడంతో ప్రతి కనెక్షనుకూ ఒక నంబరు, ఎమ్మెస్వో కంప్యూటరులో ఒక ఖాతా ఏర్పడ్డాయి. ఫిర్యాదుదారుకు ఇది చాలా ముఖ్యమైన మార్పు. అంతకుముందు మీరు ఫలానా ఆపరేటరు చందాదారు అని నిరూపించడానికి అతను ఇచ్చే చిన్న కార్డు తప్ప మరో ఆధారం ఉండేది కాదు.

2017 మార్చిలో ట్రాయ్ సేవా నాణ్యత, వినియోగదారుల రక్షణ నిబంధనలు జారీ చేసింది. వీటి ప్రకారం ప్రతి ఎమ్మెస్వో టోల్ ఫ్రీ నంబరుతో వినియోగదారుల సేవా కేంద్రం నడపాలి. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక డాకెట్ నంబరు ఇవ్వాలి. సిగ్నల్ లేదన్న ఫిర్యాదుల్లో కనీసం 90 శాతం 24 గంటలలో పరిష్కరించాలి. బిల్లు తగాదాలు 7 రోజులలో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే సంస్థ నియమించిన నోడల్ అధికారికి రాయవచ్చు.

మరి ఎమ్మెస్వో, ఆపరేటరు ఒకరి మీద ఒకరు ఎందుకు నెట్టుకుంటారు? దీనికి డబ్బు సంబంధం తెలియాలి. మీరు కట్టే మొత్తంలో ఒక భాగం నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, మిగతాది పే చానళ్ల ధర. 2019లో కొత్త విధానం అమలైనప్పుడు 100 చానళ్లకు ఈ ఫీజు 130 రూపాయలు మించరాదన్నారు. 2020లో అదే ధరకు 200 చానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జూలైలో ఆ పరిమితినే తీసివేసి నిర్ణయాన్ని పంపిణీదారులకు వదిలేశారు. ఎమ్మెస్వో, ఆపరేటరు వేరే ఒప్పందానికి రాకపోతే ఈ ఫీజులో 55 శాతం ఎమ్మెస్వోకు, 45 శాతం ఆపరేటరుకు చెందుతుంది. తీగ తెగితే బాగుచేసే ఖర్చు ఆపరేటరుది, బాక్సు ఖాతా ఆగితే తెరిచే తాళం ఎమ్మెస్వోది. తప్పు ఎవరిదో తేలేదాకా ఎవరూ ఖర్చు పెట్టరు. ఆ తగవు వారిది, మీది కాదు. అందుకే ఆపరేటరుకు నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా ఎమ్మెస్వో దగ్గర డాకెట్ నంబరు తీసుకోవాలి. అది లేనిదే మీ ఫిర్యాదు కాగితం మీద పుట్టలేదన్నమాట.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ట్రాయ్ నిబంధనలు చేస్తుంది గాని ఒక్కొక్క వినియోగదారుడి ఫిర్యాదును విచారించి తీర్పు చెప్పదు. ట్రాయ్ చట్టం ఆ అధికారం దానికి ఇవ్వలేదు. టీడీశాట్ అనే ట్రిబ్యునల్ ఉంది. అది సంస్థల మధ్య తగాదాలను, ఒక సంస్థకూ వినియోగదారుల సమూహానికీ మధ్య తగాదాలను వింటుంది. ఒక కాలనీ సంఘం అక్కడికి వెళ్లవచ్చు, కాని అది ఢిల్లీలో ఉంది. ఒంటరి వినియోగదారుడి ఫిర్యాదును చట్టం వినియోగదారుల ఫోరాలకే వదిలింది.

6. జిల్లా వినియోగదారుల కమిషన్

కాబట్టి చివరికి మీ జిల్లాలోనే మీకు దొరికే నిజమైన వేదిక జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 'సేవ' నిర్వచనంలో టెలికాం, వినోదం, వార్తలు అందించడం మూడూ ఉన్నాయి. కేబుల్ సేవ ఇందులోకి రాదని వాదించడం కష్టం. టెలికాం సంస్థల మీద వినియోగదారుల ఫోరాలకు అధికారం ఉందని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో ఒక మొబైల్ ఫోన్ కేసులో స్పష్టం చేసింది.

పాత చట్టంలో ప్రతివాది ఉన్న చోట లేదా వివాద కారణం తలెత్తిన చోట కేసు వేయవలసి వచ్చేది. ఇప్పుడు మీరు నివసించే చోటే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. కేబుల్ కేసు ఏదీ ఆ పరిమితి దాటదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాద కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించడం మంచిది. అది కోర్టు కాదు, సంస్థతో మాట్లాడి రాజీ కుదిర్చే ప్రయత్నం మాత్రమే చేస్తుంది. అయినా చిన్న తగాదాలు చాలావరకు అక్కడ తేలే అవకాశం ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గృహిణి నెల మొదట్లో 300 రూపాయలు కట్టారు. 5వ తేదీన సిగ్నల్ ఆగింది. ఆపరేటరుకు నాలుగుసార్లు చెప్పారు. 16వ తేదీన సిగ్నల్ వచ్చింది. పదకొండు రోజుల డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఆపరేటరు నవ్వి వెళ్లిపోయాడు. ఆమె దగ్గర ఏ ఆధారం ఉంది? డబ్బు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోకపోతే ఏదీ లేదు. అదే ఫోన్ ద్వారా చెల్లించి ఉంటే తేదీతో సహా రుజువు ఉంటుంది. 5వ తేదీనే టోల్ ఫ్రీకి ఫోన్ చేసి ఉంటే డాకెట్ నంబరు ఉంటుంది. బాక్సు నంబరు, ఆగిన తేదీ, వచ్చిన తేదీ, డాకెట్ నంబరు, చెల్లింపు రుజువు – ఈ అయిదూ ఒక కాగితం మీద ఉంటే నోడల్ అధికారికి రాసినా, కమిషన్‌కు రాసినా అదే ఫిర్యాదు పనికొస్తుంది. ఇద్దరినీ, అంటే ఎమ్మెస్వోను, ఆపరేటరును, ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే వచ్చినవారు రానివారి మీదకు నెడతారు.

నూట పది రూపాయల కోసం ఇంత శ్రమా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. స్థానికంగా విని తేల్చే చిన్న అధికారి ఎవరూ లేకపోవడం వల్లనే చిన్న తగాదాకు కూడా పెద్ద మెట్లు ఎక్కవలసి వస్తోంది. అందుకే చాలామంది మాట్లాడకుండా కనెక్షన్ మార్చుకుంటారు. ఒక వీధికి ఒకే ఆపరేటరు ఉన్న చోట ఆ అవకాశం కూడా తక్కువ, డిష్ పెట్టుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో మరో పరిస్థితి ఉంది. అక్కడ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ వేసి ఇంటర్నెట్, ఫోన్, టీవీ సేవలను స్థానిక ఆపరేటర్ల ద్వారా అందిస్తోంది. 2017 డిసెంబరు 27న దీన్ని అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇక్కడ ప్రభుత్వం పర్యవేక్షకురాలు కాదు, సేవ అమ్మే సంస్థ. ప్రభుత్వానిదే కదా అని కలెక్టరుకు అర్జీ పెట్టడం కన్నా, ఏ ఇతర సంస్థ విషయంలోనైనా నడిచే దారిలోనే నడవడం ఉచితం.

7. పురపాలక సంఘానికి నిజంగా ఉన్న అధికారం

అయితే పురపాలక సంఘం పూర్తిగా నిస్సహాయమా? కాదు. 2011 సవరణ ద్వారా చేర్చిన 4బి సెక్షను కేబుల్ ఆపరేటర్లు ప్రభుత్వ స్థలాల మీదుగా తీగలు వేసుకునే హక్కు గురించి చెబుతుంది. ఆ అనుమతి ఇవ్వవలసింది స్థలం ఎవరి అధీనంలో ఉందో ఆ సంస్థ. వీధి విషయంలో అది స్థానిక సంస్థ. విద్యుత్ స్తంభం విషయంలో పంపిణీ సంస్థ. తల తగిలేంత కిందకు వేలాడే కేబులు, రోడ్డు తవ్వి పూడ్చకుండా వదిలిన గుంత, కాలువలో పడేసిన తెగిన తీగల చుట్టలు – ఇవన్నీ నిస్సందేహంగా స్థానిక సంస్థకు చేయదగిన ఫిర్యాదులు.

ఇది చిన్న విషయం కాదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో ఊరేగింపు రథం విద్యుత్ తీగకు తగిలి ప్రాణాలు పోయిన తరువాత విద్యుత్ సంస్థ స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున కోయించింది. ఒక్కసారిగా ఎన్నో ఇళ్లలో టీవీ, ఇంటర్నెట్ ఆగిపోయాయి. సంస్థలు హైకోర్టుకు వెళ్లాయి. అనుమతి ఉన్న తీగ ఏది, లేనిది ఏది అన్న ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చింది. స్తంభం మీద ఎవరి తీగ ఉందో ముందే పట్టికలో నమోదై, ప్రతి తీగకూ యజమాని పేరుతో బిళ్ల కట్టి ఉంటే కోయవలసిన తీగలనే కోసి ఉండేవారు. ఆ పట్టిక తయారు చేయడం పార్లమెంటు పని కాదు. వార్డు స్థాయిలో జరగవలసిన పని. అమెరికా పట్టణాలు సాధించిన పట్టు కూడా ఇక్కడి నుంచే మొదలైందని మూడవ భాగంలో చూశారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

కింది ఫిర్యాదులలో ప్రతిదాన్నీ మొదట ఎవరికి పంపాలో, ఏ ఆధారాలు జతచేయాలో రాయండి.
(అ) కట్టిన ప్యాకేజీలోని క్రీడా చానల్ పది రోజులుగా రావడం లేదు.
(ఆ) స్థానిక కేబుల్ చానల్‌లో ఒక కులాన్ని కించపరిచే కార్యక్రమం వస్తోంది.
(ఇ) పాఠశాల ముందు కేబులు పిల్లల మెడ ఎత్తున వేలాడుతోంది.
(ఈ) మూసేసిన కనెక్షనుకు ఆపరేటరు ఇంకా డబ్బు అడుగుతున్నాడు.

క్షేత్ర అభ్యాసం: మీ ఇంటి సెట్‌టాప్ బాక్సు నంబరు, మీ ఎమ్మెస్వో పేరు, దాని టోల్ ఫ్రీ నంబరు, నోడల్ అధికారి చిరునామా కనుక్కొని నోటు పుస్తకంలో రాసుకోండి. వీటిలో ఏ సమాచారం దొరకడం కష్టమైందో, ఎవరు చెప్పారో ఒక పేజీలో రాసి మీ అధ్యయన కేంద్రంలో చర్చకు తీసుకురండి.